వెండి మీద ఎవరి ముద్ర?

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న అమెరికా నుండి వచ్చిన మా మనవడు నా చేతిలో ఒక వెండి నాణెం పెట్టాడు. పేరు సిల్వర్ ఈగిల్. 1986 నుండి అక్కడి ప్రభుత్వం ముద్రిస్తున్నది. ఒక ట్రాయ్ ఔన్సు, అనగా 31.1 గ్రాముల మేలిమి వెండి. దానిపై వేసిన విలువ మాత్రం ఒక్క డాలరే! అసలు విలువ వెండిది. అందుకే దాన్ని దాచుకోవడానికి కొంటారు గాని అంగట్లో మార్చరు.

మరి విలువకు పనికిరాని ఆ ముద్ర దేనికి? దేశం తన గురించి తాను చెప్పుకోవడానికి. ఒకవైపు జెండా కప్పుకొని ఉదయించే సూర్యుని వైపు నడిచే స్వేచ్ఛామూర్తి. రెండోవైపు వారి జాతీయ పక్షి గద్ద. మెక్సికో వారు 1982 నుండి తమ నాణెంపై రెక్కల విజయమూర్తిని, వెనుక అగ్నిపర్వతాలను చూపుతున్నారు. కెనడా వారిది 1988 నుండి మేపుల్ ఆకు. ఆస్ట్రియా వారు 2008 నుండి వెండిపై వాద్యాలను ముద్రిస్తున్నారు. మా సంపద సంగీతమని వారి భావం.

"తాతయ్యా, మన వెండి రూపాయి మీద ఏముండేది?" అని అడిగాడు మనవడు.

విక్టోరియా, ఎడ్వర్డ్, జార్జిల తలలు ఉండేవి. ఆ రూపాయి సరిగ్గా తులం బరువు, 11.66 గ్రాములు. అందులో పన్నెండింట పదకొండు వంతులు వెండి. 1940లో వెండి సగానికి తగ్గింది. 1947 నాటి రూపాయి నికెల్‌ది. 1950లో అశోకుని సింహాలు, ధాన్యపు కంకులు రూపాయి మీదికి వచ్చాయి, అదీ నికెలే. వెండి ఉన్న రోజుల్లో ముద్ర మనది కాదు. ముద్ర మనదయ్యేసరికి వెండి లేదు. ఆ రెండూ కలిసినది 1969లో, గాంధీ శతజయంతికి వేసిన పది రూపాయల నాణెంలో. 15 గ్రాముల బరువు, నూటికి 80 వంతులు వెండి.

మా అమ్మ దాచిన రూపాయలతో పాటు అలాంటిదొకటి మా ఇంట్లోనూ ఉండేది. అమ్మాయి పెళ్ళికి పట్టీల కోసం అన్నీ కరిగించాను. కంసాలి తూచాడే గాని చదవలేదు. నేనూ చదవలేదు. రాణిగారి తల కరిగిందని బాధ లేదు. గాంధీగారూ, సింహాలూ అదే మూసలో కరిగిపోయినందుకు ఈనాటికీ బాధగానే ఉంది.

అవసరం వస్తే వెండి అమ్ముకోవడం తప్పు కాదు. కాని తూకం వేయించే ముందు ఒక్కసారి మనవల చేత ఆ ముద్రలు చదివించండి. ఇదే నా మనవి.

సెలవు.