ఆ శీతాకాలం సంచిక ఏమైంది?

పత్రికల కోసం బతికిన మనిషిని తలుచుకుంటున్న సాయంత్రమిది. అందుకే ఒక పత్రిక కథ చెప్పుకుందాం.

షికాగో విశ్వవిద్యాలయం విద్యార్థులు 1946లో 'షికాగో రివ్యూ' మొదలుపెట్టారు. దేనికి పనికొస్తుందన్న లెక్కతోనే చదువును తూచడం వాళ్లకు నచ్చలేదు. కొత్త రచనకు ఒక చోటు కావాలనుకున్నారు. విద్యార్థి పత్రికకు ఒక కష్టం పుట్టుకతోనే ఉంటుంది: సంపాదకుడికి పని పట్టుబడేసరికి చదువు అయిపోతుంది. అయినా ఈ పత్రిక పన్నెండేళ్లు తిరిగేసరికి ఊరు దాటి పేరు తెచ్చుకుంది.

1958లో సంపాదకుడు ఇర్వింగ్ రోసెంతాల్. కవిత్వం చూసేవాడు పాల్ కారల్. ఆ ఏడాది వసంత సంచికలో శాన్‌ఫ్రాన్సిస్కో రచయితలకు పెద్దపీట వేశారు, వేసవి సంచికను జెన్ బౌద్ధానికి కేటాయించారు. విలియం బరోస్ 'నేకెడ్ లంచ్' అప్పటికింకా పుస్తకంగా రాలేదు. దాని భాగాలను రోసెంతాల్ వసంతంలోనూ, మళ్లీ శరత్తులోనూ వేశాడు. అక్టోబర్ 25న 'షికాగో డైలీ న్యూస్'లో జాక్ మేబ్లీ ఆ రాతలు బూతు అంటూ మండిపడ్డాడు. విశ్వవిద్యాలయం పెద్దలు ఉలిక్కిపడ్డారు. బరోస్, జాక్ కెరువాక్, ఎడ్వర్డ్ డాల్‌బర్గ్ రచనలతో సిద్ధమైన శీతాకాలం సంచికను ఛాన్సలర్ లారెన్స్ కింప్టన్ ఆపించాడు.

రోసెంతాల్, అతనితోపాటు సంపాదకవర్గంలో దాదాపు అందరూ రాజీనామా చేశారు. రాతప్రతులు వాళ్ల చేతిలోనే ఉన్నాయి, డబ్బే లేదు. 1959 జనవరిలో అలెన్ గిన్స్‌బర్గ్, గ్రెగొరీ కోర్సో షికాగో వచ్చి సభలో కవితలు చదివి నిధి పోగుచేశారు. కొత్త పత్రికకు పేరు పెట్టింది కెరువాక్: 'బిగ్ టేబుల్'. ఇంకా పెద్ద బల్ల కొనుక్కోవాలని తనకోసం రాసిపెట్టుకున్న చీటీలోంచే ఆ పేరు పుట్టింది.

మార్చిలో మొదటి సంచిక వెలువడింది. తపాలాశాఖ 400కు పైగా ప్రతులను నిలిపేసింది. 1960లో న్యాయమూర్తి జూలియస్ హాఫ్‌మన్ అది అశ్లీలం కాదని తీర్పిచ్చాడు. ఈలోగా ఆ గొడవ పారిస్ దాకా పాకింది. అంతకుముందు 'నేకెడ్ లంచ్'ను కాదన్న ప్రచురణకర్త మారిస్ జిరోడియాస్ 1959లోనే దాన్ని అచ్చువేశాడు. ఛాన్సలర్ ఆపించిన పేజీలు చివరికి పాఠకులకు చేరాయి.

ఈ కథలో వెళ్లిపోయినవాళ్ల ధైర్యాన్ని అందరూ చెబుతారు, చెప్పాల్సిందే. ఉండిపోయిన ఒక్కడి పేరు కూడా ఈ సభలో వినిపించాలి: హ్యుంగ్ వూంగ్ పాక్. నిషేధాన్ని సమర్థించాడన్న నింద పడే చోట, ఖాళీ అయిన గదిలో, కొత్తవాళ్లను కూడగట్టుకుని అతను పత్రికను మళ్లీ నడిపించాడు. 'బిగ్ టేబుల్' అయిదు సంచికలతో ఆగిపోయింది. 'షికాగో రివ్యూ' మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాల తరబడి, ఒక విద్యార్థి చేతిలోంచి ఇంకో విద్యార్థి చేతికి మారుతూ వెలువడుతూనే వచ్చింది.