మైనపు చిత్రములు – జాస్పర్ జాన్స్



తేనెపట్టును పిండిన పిమ్మట మిగులు మైనము ఎల్లరు ఎరిగినదే. ఆ మైనమును కరగించి, కొంత గుగ్గిలమును రంగుపొడిని కలిపి, వేడి ఆరకముందే కుంచెతో చిత్రించు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. గ్రీకులు దీనిని ‘ఎన్‌కాస్టిక్’ అనిరి. వేడిచే పదిలపరచుట యని భావము. ఈజిప్టునందలి ఫయ్యూము ప్రాంతమున, క్రీస్తు తరువాతి తొలి శతాబ్దములలో, మృతుల మమ్మీలపై నుంచిన ముఖచిత్రములు పెక్కు ఈ పద్ధతిని వ్రాయబడినవి. నేటికిని వాని రంగులు వెలవెలబోలేదు.

కాలక్రమమున ఈ విద్య మూలబడెను. 20వ శతాబ్దిలో దానికి మరల ప్రతిష్ఠ కలిగించినవారిలో అమెరికా చిత్రకారుడు జాస్పర్ జాన్స్ ముఖ్యుడు. ఆతడు 1930లో జార్జియా రాష్ట్రమందలి అగస్టా నగరమున జన్మించి, దక్షిణ కారొలైనాలో పెరిగెను. కొంతకాలము సైన్యమున పనిచేసి న్యూయార్కునందు స్థిరపడెను. 1954లో తనయొద్దనున్న పూర్వచిత్రములను తానే నాశనము చేసెను. ఇతరుల రచనలను పోలునది తనచేత పుట్టరాదని ఆతని పట్టుదల.

ఆ యేడే ఒకరాత్రి అమెరికా జెండాను చిత్రించుచున్నట్లు కలగని, తెల్లవారగనే సామగ్రి కొనితెచ్చి పని మొదలిడెను. మొదట వాడిన ఎనామిలు రంగు త్వరగా ఆరదయ్యెను. రెండవమారు కుంచె సోకిన మొదటి గీత చెదరిపోయెడిది. అందుచే మైనము నాశ్రయించెను. మైనము క్షణములలో గట్టిపడును. వేసిన గీత వేసినట్లే నిలుచును. జాన్స్ వార్తాపత్రికల ముక్కలను మైనమున ముంచి, బట్టపై అతికించి చిత్రము పూర్తిచేసెను. దగ్గరకు పోయి చూచినవారికి ఎరుపు తెలుపు చారల క్రింద అచ్చక్షరములు కానవచ్చును.

ఇది జెండాయా, జెండా బొమ్మయా యను ప్రశ్న పుట్టెను. 1958లో లియో కాస్టెల్లి చిత్రశాలయందు ఆతని ప్రథమ ప్రదర్శనము జరిగినప్పుడు, న్యూయార్కు ఆధునిక కళామ్యూజియమువారు మూడు చిత్రములు కొనిరి. దేశభక్తులు నొచ్చుకొందురేమో యని జెండా చిత్రమును కొనుటకు మాత్రము జంకిరి. ఫిలిప్ జాన్సన్ అను వాస్తుశిల్పి దానిని కొని, 1973లో ఆ మ్యూజియమునకే కానుకగా నిచ్చెను.

పిమ్మట దారిని పోవు కారుపై చూచిన ఏటవాలు గీతల గుత్తులు జాన్స్ మనసున నాటుకొనెను. 1972 మొదలు సుమారు పదేండ్లు ఆ గీతలతో అనేక చిత్రములు వ్రాసెను. వానిలో మనుష్యుడు లేడు, చెట్టు లేదు, ఇల్లు లేదు. ఇట్టివానిని నైరూప్య చిత్రములందురు. వీనిలో కొన్నింటికిని మైనమే సాధనము. అర్థము వెదకి విసుగుచెందువారు, చేయి ఎచ్చట నిదానించెనో, ఎచ్చట త్వరపడెనో గమనించినచో చాలును. మైనము ఆ కదలికనంతను దాచియుంచినది.

ఉదయము చదివి సాయంకాలమునకు పారవేయు పత్రిక, ఒక చిత్రకారుని చేతబడి డెబ్బది యేండ్లు నిలిచినది. పాతసంపుటములను చెదలు పట్టకుండ కాపాడుచు ఇరువదియైదేండ్లు గడపిన గ్రంథాలయమువారికి ఈ సంగతిని వేరుగ వివరింపనక్కరలేదు.