మెదక్ చర్చి

హైదరాబాదుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్ చర్చి కరువు కాలపు కట్టడం. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తిండిగింజలు దొరకని పల్లెజనానికి వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఈ నిర్మాణంలో పని చూపించి అన్నం పెట్టారు. ఆ కథలో అన్నిటికన్నా గొప్ప సంగతి ఇదే. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగింది. 1924 డిసెంబరు 25న చర్చిని ఆరాధనకు తెరిచారు.

గోథిక్ శైలి. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం ఎత్తు 175. లోపల సుమారు 5,000 మంది పడతారు. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ రూపొందించిన మూడు రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు జననం, సిలువ మరణం, ఆరోహణం కనిపిస్తాయి. చిన్న చిన్న అద్దం ముక్కల గుండా బయటి ఎండ లోపలికి వస్తేనే ఆ బొమ్మలు వెలుగుతాయి. అందుకే వాటిని పగటిపూటే చూడాలి. ప్రస్తుతం ఇది దక్షిణ ఇండియా సంఘపు మెదక్ డయోసిస్‌కు కేథడ్రల్.