పది పైసల చిక్కు
(సిబ్బంది కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ లెక్క తప్పదని మనందరి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనొక పొరపాటు చేశాను.

వోచర్ల మొత్తాన్ని లెడ్జర్‌తో సరిచూడడానికి సొంతంగా ఒక చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. ఒక సాయంత్రం అది ‘తేడా ఉంది’ అంది. తెరమీద చూస్తే రెండు మొత్తాలూ ఒకటే! అయినా యంత్రాన్నే నమ్మి, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ హెడ్ క్యాషియర్ గారిని రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చోబెట్టాను. ఆయన మారు మాట్లాడకుండా వోచర్లన్నీ మళ్ళీ కూడారు. పైసా తేడా లేదు.

మర్నాడు ఆ తేడా ఎంతో పూర్తిగా చూపించమని ప్రోగ్రాంను అడిగాను. దశాంశ బిందువు తర్వాత వరసగా సున్నాలు, ఎక్కడో చివర ఓ అంకె! తప్పు నాదేనని అప్పుడు తెలిసింది.

సంగతేమిటంటే, కంప్యూటరుకున్నవి 0, 1 రెండే అంకెలు. అందుకే దానికి తెలిసిన భాగాలు సగం, సగంలో సగం, అందులో మళ్ళీ సగం. అంటే మన తాతల నాటి అర్ధరూపాయి, పావలా, బేడ, అణా! పదహారణాల లెక్క దానికి సరిగ్గా సరిపోతుంది. కానీ 1957లో రూపాయికి నూరు పైసలయ్యాయి. ఇప్పుడు 10 పైసలు పేర్చాలంటే ముందు ఒక అణా, అంటే 6.25 పైసలు. అర్ధణా కలిపితే 9.375. రూపాయిలో 256వ వంతు, 512వ వంతు కూడా కలిపితే సుమారు 9.96. ఇలా ఎంతదూరం వెళ్ళినా పది నిండదు. రూపాయి లోపు 25, 50, 75 పైసలు తప్ప మిగతా అన్నిటిదీ ఇదే గతి.

చోటేమో పరిమితం. 1985లో వచ్చిన ఐఈఈఈ 754 ప్రమాణం ప్రకారం ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యకు మామూలుగా 64 బిట్లు: ధన, రుణ గుర్తుకు 1, బిందువు ఎక్కడుందో చెప్పే ఘాతానికి 11, అంకెలకు 52. చోటు అయిపోగానే దగ్గరి విలువకు సవరించి ఆపేస్తుంది. అందుకే 0.1ని పదిసార్లు కూడితే 0.9999999999999999 వస్తుంది. తెరమీద మాత్రం రెండు దశాంశాలకు కుదించి 1.00 అని చూపిస్తుంది.

మీ పాస్‌బుక్కుల గురించి బెంగ వద్దు. డబ్బు లెక్కల్లో పైసలను పూర్ణాంకాలుగానో, దశాంశ పద్ధతిలోనో ఉంచడం ప్రోగ్రామర్ల తొలి పాఠం. నేనే ఆ పాఠం చదవకుండా ప్రోగ్రాం రాశాను. మీ పిల్లలు ప్రోగ్రాములు రాస్తుంటే ఈ మాట చెప్పండి.

ఆ రోజే క్యాషియర్ గారికి క్షమాపణ చెప్పాను. ఆయన నవ్వేసి, ‘‘ముందే అడగాల్సింది సార్, తేడా ఎంతని’’ అన్నారు. ముప్పై ఏళ్ళు క్యాష్ లెక్కపెట్టిన మనిషి మొదట అడిగే ప్రశ్న అది. నేను ఆ ప్రశ్న వేయకుండానే మనిషిని అనుమానించాను.

సెలవు.