పెట్టెమీది బొమ్మ, తెరమీది ఆట



నేటి ప్రసంగ విషయము పిల్లల ఆటవస్తువే యైనను పెద్దలు తలపోయదగినది. టెలివిజనుకు తగిలించి యాడు పాత వీడియో గేములను గూర్చియు, వానిని అమ్ముటకై వెలువరించిన ప్రకటనలను గూర్చియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇది మనకేల యని కొందరికి తోచవచ్చును. ఆటకు ఆశపడువాడు బాలుడు. వెల చెల్లించువాడు పెద్దవాడు. కావున ఆ ప్రకటన లిరువురి నుద్దేశించినవే.

మొదట మా యింటి సంగతి చెప్పెదను. 1970ల చివరినుండి కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల వారనేకులు గల్ఫు దేశములకు కూలికై పోవుచుండిరి. సెలవుపై వచ్చునపుడు టేపురికార్డరు, దుప్పటి, అత్తరు తెచ్చుట వాడుక. 1992లో దుబాయినుండి వచ్చిన మా తమ్ముడు నా కుమారునికొక వీడియో గేము తెచ్చెను. అట్టపెట్టెమీద కండలు తిరిగిన యోధుడు, వాని వెనుక మండుచున్న నగరము, ఆకాశమున విమానములు. క్రింద 9999999 ఆటలని పెద్ద అంకెలతో అచ్చువేసియుండిరి. ఇంటిల్లిపాదియు చుట్టు చేరితిమి. యాంటెన్నా తీగ యూడదీసి దీని తీగ తగిలించి, చానలు త్రిప్పి త్రిప్పి, తుదకు బొమ్మను నిలిపితిమి. తెరమీద గోరంత మనుష్యుడొకడు గెంతుచు కనబడెను.

"బాపూ, డబ్బ మీది మనిషేడి?" అని పిల్లవాడు నన్నడిగెను.

"గిదే వాడు బిడ్డా, గీ పొట్టోడే" అని మా తమ్ముడు నవ్వబోయెను గాని నవ్వు రాలేదు. అది యెండలో నిలిచి సంపాదించిన సొమ్ము. వెదకి చూడగా ఆ 9999999లో నిజమైన ఆటలు పదింటికి మించలేదు. అవియే వేరు పేర్లతో, వేరు మెట్టునుండి మరల మరల వచ్చుచుండెను. "పైన పటారం, లోన లొటారం" అని తమ్ముడు వినునట్లే అంటిని. అది నా తప్పు. దాని సంగతి తరువాత చెప్పెదను.

బొమ్మకును ఆటకును ఇంత యంతర మెట్లు కలిగెను? ఇది ఒక్క దుకాణమున పుట్టిన రోగము కాదు. ఈ వ్యాపారము మొదట వర్ధిల్లినది అమెరికాలో. 1972లో అటారి అను సంస్థ పాంగ్ అను ఆటను వెలువరించెను. తెరకు రెండు ప్రక్కల రెండు గీతలు, నడుమ నొక తెల్లని చుక్క; అదియే బంతి. 1977లో ఆ సంస్థయే ఇంటిలో నాడుకొను యంత్రమును తెచ్చెను. దాని జ్ఞాపకశక్తి 128 బైట్లు మాత్రమే. అనగా ఆంగ్లమున పోస్టుకార్డుమీద నాలుగు పంక్తులు వ్రాసినచో అది నిండిపోవును. దానితో వచ్చిన కాంబాట్ అను ఆటలో యుద్ధశకటములు కొన్ని చదరపు ముక్కల కూర్పు. పెట్టెమీదనో, క్లిఫ్ స్పోన్ అను చిత్రకారుడు నిజమైన యుద్ధరంగమునే చిత్రించెను. చుక్కలను చూపిన కొనువాడు లేడు గనుక చుక్కలకు బదులు చిత్తరువును చూపిరి.

ఇందులో కొంత నిజాయితీ పాటించిన వారును లేకపోలేదు. ఇంటెలివిజన్ అను పోటీ యంత్రమునకై జార్జి ప్లింప్టన్ అను రచయిత 1980ల ఆరంభమున టెలివిజను ప్రకటనలలో కనబడి, తమ ఆటతెరను, అటారి ఆటతెరను ప్రక్కప్రక్కన నుంచి, మీరే చూచుకొనుడని చెప్పెడివాడు. అంగడిలో రెండు ఎడ్లను ఒక్కచోట నిలిపి చూపినట్లే యిది. కాని అందరు నట్లు చేయలేదు. 1982లో ఈ.టి. అను చలనచిత్రము పేర నొక ఆటను అయిదు వారములలో తయారుచేసి, గొప్ప ప్రకటనలతో క్రిస్మసు పండుగకు విడిచిరి. కొన్నవారు విసిగిరి. మిగిలిన సరుకును 1983లో న్యూమెక్సికోలోని అలమగోర్డో పట్టణమున చెత్తగుంటలో పూడ్చిరి. 2014లో త్రవ్వగా ఆ పెట్టెలు బయటపడెను. సరకు పెరిగి, నమ్మకము తరిగెను. అమెరికాలో 1983లో సుమారు 320 కోట్ల డాలర్ల వ్యాపారము 1985 నాటికి సుమారు 10 కోట్లకు దిగెను. ఆ పిదప జపానువారి నింటెండో సంస్థ అమెరికాకు పోయినపుడు, తన మొదటి ఆటల పెట్టెలమీద, తెరమీద కనబడు చదరపు బొమ్మలనే పెద్దవి చేసి అచ్చువేసెను. దెబ్బతిన్న వర్తకమునకు మాట నిలుపుకొనుటయే మందని వారెరిగిరి.

మా యింటికి వచ్చినది ఆ నింటెండోవారి 1983 నాటి ఫామికాం యంత్రమునకు నకలు. దానిని గూర్చి తరువాత తెలిసికొనిన రెండు సంగతులు నన్ను ఆశ్చర్యపరచెను. డక్ హంట్ అను బాతుల వేటలో ఒక తుపాకి కలదు. అది దేనిని వెడలగ్రక్కదు. మీట నొక్కగానే తెరయంతయు క్షణకాలము నల్లబడి, బాతున్న చోట తెల్లని చదరము మెరయును. గొట్టములోని సాధనము ఆ వెలుగును చూచినచో బాతు పడును. పేల్చునది తుపాకి కాదు. తుపాకి చూచును, తెర వెలుగును. రెండవది, 1985 నాటి సూపర్ మారియో. ఆ యాటయంతయు 40 కిలోబైట్లలో నిమిడియున్నది. చోటు చాలక దానిని రచించినవారు మేఘమునకు, పొదకు ఒక్కటే బొమ్మ వాడిరి. తెల్లరంగు వేసిన మేఘము, పచ్చరంగు వేసిన పొద. పేదయింటి యిల్లాలు ఒక్క చీరను రెండు పండుగలకు కట్టినట్లు.

ఇంత నేర్పు లోపలనుండగా మా పెట్టెమీద దానిమాట యొక్కటియు లేదు. లేని యోధుని, లేని నగరమును, లేని తొంబది తొమ్మిది లక్షల ఆటలను చూపి, ఉన్న తెలివిని దాచిరి. ప్రకటనల దోషము అసత్యము చెప్పుట మాత్రమే కాదు. నిజముగా మెచ్చదగినదానిని కనబడకుండ చేయుటయు.

మన నిర్మల్ పట్టణపు నకాషీలు వెనుక గంజీఫా ముక్కలను చిత్రించెడివారు. దశావతార గంజీఫాలో 120 గుండ్రని ముక్కలు. అవతారమునకు 12 చొప్పున పది వర్గములు. అందు బొమ్మయే ఆట. చేత పట్టినదానినే కంటితో చూచి, దానినే ఆడుదురు. మన పెద్దలెరిగిన ఆటలట్టివి. పులిమేకలాటకు నేలమీద గీతలు, నాలుగు రాళ్లు చాలును. రాయిని రాయియనియే చెప్పి, పులిగా తలచుకొందుము. అందు వంచన లేదు.

ఇక మా తమ్ముని మాట. సెలవు దినములలో ప్రతిరాత్రియు అతడును నా కుమారుడును ఆ బాతులను వేటాడిరి. పెట్టెమీది యోధుని పిల్లవాడు మూడవనాటికే మరచెను. తిరుగు ప్రయాణమునాడు బస్సు కొరకు నిలిచియుండగా తమ్ముడు నాతో ననెను: "దుకాణపోడు నన్ను మోసం జేసిండు అన్నా. నేను పోరన్ని మోసం జేసిన్నా?" నెలరోజులు ఆ మాట వాని గుండెలో నుండెను. ఎత్తిపొడిచినవాడను నేను. కాదని చెప్పితిని గాని, చెప్పవలసినదానికి నెలరోజులు ఆలస్యముగా చెప్పితిని.

ఇప్పుడీ పాత కథ ఏల? నేడు మన మనుమల చేతిలోని ఫోనులో ఆటల ప్రకటనలు వచ్చుచున్నవి. నాటి ప్రకటన పొట్టివానిని యోధుడని చూపెను. నష్టము ఒక్కసారి చెల్లించిన వెల. తరువాత వచ్చిన ప్రకటనలు కొన్ని, ఆడినచో ధనము వచ్చునని ఆశపెట్టినవి. అందు నష్టమునకు మేర లేదు. ఇట్టి పందెపు ఆటలను ఆన్‌లైనులో నాడుటనుగూడ తెలంగాణ ప్రభుత్వము 2017లో నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ధనము నొడ్డి యాడు ఆన్‌లైను ఆటలను నడపుటనేగాక, వాని ప్రకటనలనుగూడ నిషేధించినది. ప్రకటించినవారికి రెండేండ్లవరకు కారాగారము, 50 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. ఆడి మోసపోయినవానికి ఆ చట్టమున శిక్ష లేదు. ఫోనుద్వారా సొమ్ము మోసపోయినచో 1930 అను నంబరునకు వెంటనే ఫిర్యాదు చేయవచ్చును.

చట్టమునకు శిక్ష లేనిచోట మన నాలుక శిక్ష వేయకుండుట మంచిది. మోసపోయిన పిల్లవాడు సొమ్ము పోయినందుకు భయపడును. ఇంటిలో తిట్టుదురని అంతకు మించి భయపడును. ఆ భయముచేత దాచును. దాచి, పోయినదానిని తెచ్చుకొనుటకై మరల నొడ్డును. కావున పెద్దలకు నా మనవి యొక్కటే. పిల్లవాడు ఫోను తెచ్చి చూపినపుడు, ఆటను చూపుమని యడుగుడు. అట్టమీది బొమ్మను గాక ఆటనే చూడుడు. నష్టపోయి వచ్చినపుడు మాత్రము, ముందు దగ్గర కూర్చుండబెట్టుకొనుడు. నేను మా తమ్మునికి చేయలేకపోయిన దదియే.