పసివాని తొలి మోటారు బండి



నేడు నేను మీతో ప్రస్తావింపదలచిన విషయము చూచుటకు చిన్నదిగా తోచవచ్చును. పసిపిల్లలు నడుపుటకై చేసిన చిన్న విద్యుత్ మోటారుసైకిలును గూర్చి నాలుగు మాటలు చెప్పెదను. “అది పట్టణపు పిల్లల ఆటవస్తువు గదా, మన పల్లెలకేల?” యని మీలో కొందరనుకొనవచ్చును. కాని వికారాబాదులోను తాండూరులోను విద్యుత్ బండ్లు నేడు వింతవస్తువులు కావు. పెద్దలు వానిపై తిరుగుట చూచి పిల్లలు తమకును అట్టిది కావలెనని మారాము చేయుచున్నారు. హైదరాబాదున కొలువుచేయు కుమారుడు పండుగకు వచ్చుచు తన బిడ్డకొరకొకటి తెచ్చును. సెలవు తీరగానే తాను పోవును. పిల్లవాడును, బండియు తాత పాలబడును. కనుక ఇది పెద్దలు తెలిసికొనవలసిన సంగతియే.

“నాకు యంత్రముల సంగతి తెలియదు” అని మనము తప్పుకొనరాదు. యంత్రము క్రొత్తదే గాని, నేర్పు పద్ధతి పాతది. అది మీకు తెలిసినదే. బావిలో ఈత నేర్పునపుడు మన పెద్దలేమి చేసిరి? నడుమునకు బెండ్లు గట్టి, త్రాడు తమ చేత బట్టుకొని, మొదట మెట్లపై కూర్చుండబెట్టి కాళ్ళాడింపజేసిరి. పిమ్మటనే నీటిలోనికి దింపిరి. కోడెను కాడికి మరపునపుడు మొదటిదినముననే బరువుబండికి కట్టుదుమా? సాధువైన ముసలి యెద్దును జతచేసి, ఉత్తకాడితో నాలుగడుగులు నడిపింతుము. ఆ ఓర్పే ఇచ్చటను కావలసినది.

ఈ బండ్ల పుట్టుపూర్వోత్తరములు కొంచెము వినుడు. అమెరికాలో స్టాసిక్ అను సంస్థ పసిపిల్లలకై చిన్న విద్యుత్ బండ్లను చేయుచుండగా, పేరుపొందిన హార్లీ డేవిడ్‌సన్ సంస్థ 2019లో దానిని కొనెను. మన దేశమున హీరో సంస్థవారు 2025లో తమ ‘విడా’ పేరుతో నాలుగు మొదలు పదియేండ్ల వరకు గల పిల్లలకై యొక బండిని వెలువరించిరి. ఇట్టి బండ్లలో కొన్నిటికి పిల్లవాని పొడవునుబట్టి ఆసనమును ఎత్తవచ్చును, దింపవచ్చును. వేగమును కూడ పెద్దలు ముందుగా కట్టడి చేయవచ్చును. అయినను కట్టడి యున్నదని కన్నుమూయరాదు.

దీనిలోని అపాయ మెచ్చట నున్నదో చెప్పెదను. పెట్రోలు బండి మొదట శబ్దముచేసి, తరువాత కదలును. ఆ శబ్దమే మనకొక హెచ్చరిక. విద్యుత్ మోటారునకు ఆ ఆలస్యము లేదు. ఎక్సిలేటరు పిడిని త్రిప్పిన క్షణముననే చక్రమునకు బలమందును. నిలిచియున్నపుడు స్విచ్చు వేసియున్నదో లేదో చెవికి తెలియదు. ఇక పిల్లవాని స్వభావము చూడుడు. భయము కలిగినపుడు వాడు చేతులు బిగించును. బండి ముందునకు దూకగా వాని శరీరము వెనుకకు వాలును; శరీరముతోపాటు మణికట్టు క్రిందికి దిగి పిడి ఇంకను తిరుగును; బండి మరింత దూకును. బెదరిన యెద్దు పగ్గము బిగబట్టిన ఆగును. ఈ బండి మాత్రము, ఆగవలెనని బిగబట్టిన పట్టుచేతనే పరుగెత్తును. పిల్లలు పడుటకు ఇది యొక కారణము.

కావున పిల్లవానికి మొదట నేర్పవలసినది పోవుట కాదు, ఆగుట. మా యింటి ఆరేండ్ల మనుమనికి నేను నేర్పినపుడు ఐదుదినములు స్విచ్చు వేయనేలేదు. మొదట ఆసనమును దింపి, రెండు పాదములును నేలకు చక్కగా ఆనునట్లు కూర్చుండబెట్టితిని. వాడు కాళ్ళతో నేలను తన్నుకొనుచు బండిని నడిపెను. తూకము నిలుపుట దీనితోనే వచ్చును. పిమ్మట నేను వెనుకనుండి మెల్లగా త్రోయుచు, “ఆగు” అనగానే బ్రేకులు పట్టుమంటిని. నాలవనాడు వాడు విసుగుకొని, “తాతా, ఎప్పుడు జూసినా ఆగు ఆగు అంటవ్, పొమ్మని ఎప్పుడంటవ్?” అని అడిగెను. “నేను పదిసార్లు ఆగుమన్నపుడు నీవు పదిసార్లును ఆగిననాడు” అంటిని. ఆరవనాడు గాని ఆ లెక్క తీరలేదు.

లెక్క తీరిన పిదప స్విచ్చు వేసి, అన్నిటికంటె తక్కువ వేగమున నుంచవలెను. అపాయమున విద్యుత్తును తెంచు త్రాడు కొన్ని బండ్లకు గలదు. దానిని పిల్లవాని మణికట్టునకు తప్పక కట్టవలెను. వాడు క్రిందపడగానే ఆ త్రాడు ఊడి మోటారు ఆగిపోవును. పెద్దవారు ప్రక్కనే నడచుచు ఆసనపు వెనుకభాగమును పట్టుకొనవలెను గాని, పిల్లవాని చేతిపై చేయి వేయరాదు. అట్లు చేసిన పిడి మనచేతనే తిరుగును. నేను మనుమనికి రెండే మాటలు నేర్పితిని: “వదులు, పట్టు.” మొదట ఎక్సిలేటరును వదలుట, వెంటనే బ్రేకులు పట్టుట. ఇరువది అడుగులు సూటిగా పోవుట, ఆగుట, దిగుట; మొదటి వారమునకు ఇంతియే పాఠము. పావుగంట మించరాదు. పిల్లవాడు అలసిన పిమ్మట చేయి మాట వినదు. నేర్పునపుడు ఫోనుతో చిత్రములు తీయుచు నిలువరాదు. వెనుక చెల్లెలినో తమ్మునినో ఎక్కింపనీయరాదు.

వేగము పెంచుటకు తొందరపడకుడు. గంటకు 8 కిలోమీటర్లన్న క్షణమునకు రెండు మీటర్లకు కొంచెము ఎక్కువ. పెద్దవాడు ప్రక్కన పరుగెత్తి అందుకొనగలడు. గంటకు 25 కిలోమీటర్లన్న క్షణమునకు ఏడు మీటర్లు. మనము అయ్యో అనులోపలనే బండి వాకిలి దాటిపోవును. వయస్సు ఎంతయని చూచుటకంటె, “ఆగు” మన్న మాటకు మొదటి పిలుపుననే ఆగునా లేదా యని చూచుట మేలు. ఇది మగపిల్లలకును, ఆడుపిల్లలకును సమానమే.

ఇక స్థలమును గూర్చి. తాండూరు చుట్టుప్రక్కల కంది కోసిన చేను విశాలముగా కనబడును గాని, అందు పిల్లవానిని దింపకుడు. కోసినచోట నిలిచిన కంది కొయ్యలు ఈటెలవలె నుండును. నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చి చక్రమును పట్టును. వానలో అంటుకొని జారును. నాపరాళ్ళ పాలిషు కార్ఖానాల యొద్ద రాతిమడ్డి తడిసినచో సబ్బువలె జారును. పేర్చిన బండల అంచులు కత్తులే. విడిచిన రాతిగనుల గోతులలో నీరు నిలిచియుండును. వికారాబాదు వైపు ఎఱ్ఱమొరపు నేలపై వదులుగా నున్న గులకరాళ్ళు వంపు తిరుగునపుడు చక్రమును జార్చును. చదునుచేసి తుడిచిన కళ్ళమో, సెలవునాటి పాఠశాల ఆటస్థలమో, పెద్దల అనుమతితో, మంచిది. వరలేని బావి దరిదాపుల నుండరాదు. మొదట మీరు ఆ నేలయంతయు ఒకసారి కాలినడకను తిరిగిరండు.

పిల్లవాని తలకు పిల్లల కొలత హెల్మెట్టే కావలెను. తండ్రి హెల్మెట్టు పెట్టిన అది కన్నులపైకి జారి క్రొత్త అపాయము తెచ్చును. నిండుచేతుల చొక్కా, పొడుగులాగు, మడమలు కప్పు బూట్లు, చేతితొడుగులు ఉండవలెను. వ్రేలాడు కండువాలు, చున్నీలు చక్రములో చిక్కును.

బ్యాటరీని దాని స్వంత చార్జరుతోనే నింపవలెను. ఎండలో త్రిప్పి తెచ్చిన బ్యాటరీని చల్లారనిచ్చి పిమ్మట తగిలింపుడు. రాత్రి అందరును నిద్రించునపుడు చార్జరు పెట్టి వదలరాదు. గడ్డివాము దగ్గరను, ప్రత్తి నిలువచేసిన గదిలోను, పడకగదిలోను వద్దు. ఉబ్బినదానిని, పగిలినదానిని మరల వాడరాదు, ఇంట విప్పిచూడరాదు.

చివరిది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ బండి దారిమీదికి పోరాదు. “ఊరిలోనే గదా, కిరాణాకొట్టు దాకనే గదా” అను మాట మనమే మొదట అనుచున్నాము. కళ్ళములో నేర్చిన పిల్లవాడు పదియేండ్లకు తండ్రి బండిని అడుగును. పండ్రెండేండ్లకు అడుగకయే తీసికొనిపోవును. మోటారు వాహనముల చట్టము ప్రకారము గేరులులేని చిన్న బండికి 16 ఏండ్లు, తక్కిన మోటారుసైకిళ్ళకు 18 ఏండ్లు నిండవలెను. 2019 సెప్టెంబరు 1 నుండి, మైనరు నేరము చేసినచో సంరక్షకునికి గాని బండి యజమానికి గాని మూడేండ్ల వరకు జైలుశిక్షయు, 25,000 రూపాయల జరిమానాయు కలవు. బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దగును. ఆ పిల్లవానికి 25 ఏండ్లు నిండువరకు లైసెన్సు రాదు. తక్కువ బలము గల కొన్ని విద్యుత్ బండ్లకు లైసెన్సు అక్కరలేదను నియమము కలదు గాని, లారీకి ఆ నియమము తెలియదు.

మన దారుల సంగతి మీకు తెలియనిదా? నాపరాళ్ళ లారీలు రేయింబవళ్ళు తిరుగుచుండును. తాండూరునుండి హైదరాబాదునకు పోవు ఆర్టీసీ బస్సును 2025 నవంబరు 3న చేవెళ్ళ సమీపమున మీర్జాగూడ యొద్ద కంకరలారీ ఢీకొనగా పలువురు ప్రాణములు కోల్పోయిరి. అంతటి బస్సులో కూర్చున్నవారికే రక్షణ లేకపోయిన దారిలో, ఇరువది కిలోల పసివాని సంగతి వేరుగా చెప్పవలెనా? మోటారుసైకిలు ట్యాంకుపై పిల్లవానిని కూర్చుండబెట్టి పిడి చేతికిచ్చు ముద్దుకూడ మానవలెను.

ఈ బండి కొనితీరవలెనని నేను చెప్పుటలేదు. తొక్కుడు లేని చిన్న సైకిలుతోను తూకము, బ్రేకు చక్కగా నేర్పవచ్చును. కాని ఇంటికి వచ్చినచో, దాని తాళము పిల్లవానికి అందని చోట, మీ చేతనే యుండవలెను. బండి రెండు మూడేండ్లకు చిన్నదై మూలబడును. “ఆగు” అన్నపుడు ఆగు అలవాటు మాత్రము వానితో ఎదిగి, పదునెనిమిదేండ్లు నిండి నిజమైన దారి ఎక్కిననాడు వానిని కాచును. ఆ అలవాటును చేయవలసినవారు, తీరికయు ఓర్పును గల మీవంటి పెద్దలే.