ఈగలకు ఆదివారం తెలియదు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను సైన్సు గురించి మాట్లాడమన్నారు. నేను శాస్త్రవేత్తను కాను. జీవశాస్త్ర పరిశోధనశాలల్లో కరెంటు, చల్లదనం, గాలి సరిగ్గా ఉండేట్టు చూసే ఇంజనీరుని. పాతికేళ్ళుగా ఆ గదుల్లోకి వెళ్తూ వస్తూ చూసినవే చెబుతాను.

అక్కడ పని గడియారాన్ని బట్టి నడవదు, ప్రాణిని బట్టి నడుస్తుంది. ఈ. కోలి బ్యాక్టీరియాకు తగిన వేడి, తిండి ఉంటే 20 నిమిషాల్లో రెట్టింపవుతుంది. పండ్ల ఈగ 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ కావడానికి సుమారు 10 రోజులు. వాటికి ఆదివారం తెలియదు, పండగ తెలియదు. అందుకే సంక్రాంతి నాడు కూడా ఎవరో ఒక పిల్లో పిల్లాడో వచ్చి సీసాలు మార్చి వెళ్తారు.

నమూనాలు మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లలో ఏళ్ళ తరబడి ఉంటాయి. అన్నీ నిండి ఉన్నా ఒక ఫ్రీజరును మాత్రం ఖాళీగా, చల్లగా నడుపుతూ ఉంచుతారు. ఏదైనా చెడిపోతే సరుకంతా అందులోకి మార్చడానికి. చూసేవాళ్ళకు అది దండగ ఖర్చు. దాని విలువ అవసరం పడ్డ రాత్రే తెలుస్తుంది.

ఇంకో అలవాటు. ప్రయోగం కుదిరినా కుదరకపోయినా నోటుపుస్తకంలో రాయాలి. పేజీ చింపకూడదు. విద్యార్థి చదువు ముగించి వెళ్ళిపోయినా పుస్తకం అక్కడే ఉంటుంది. వారం వారం సమావేశంలో నిన్నగాక మొన్న చేరిన అమ్మాయి పెద్దాయన్ని "ఇది మీకెలా తెలిసింది?" అని అడగొచ్చు. ఆయన కోప్పడకూడదు, లెక్క చూపించాలి.

ఇంత ఓపిక ఎందుకంటారా? హైదరాబాదులో సీసీఎంబీ ఉంది. 1977లో మొదలైంది. పుష్పమిత్ర భార్గవ గారు దాని వ్యవస్థాపకులు. మనం ఇష్టంగా తినే సాంబ మసూరి, అదే బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. సీసీఎంబీ వాళ్ళు, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ వాళ్ళు కలిసి ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులను అందులోకి తెచ్చారు. మామూలు సంకరమే. కానీ ప్రతి తరంలో ఆకు ముక్క తీసి, డీఎన్‌ఏ పరీక్షించి, జన్యువులున్న మొక్కనే ఎంచుకుని, మళ్ళీ మళ్ళీ సాంబ మసూరితోనే కలిపారు. బియ్యం సన్నదనం, అన్నం రుచి పోకూడదు కదా! అలా మెరుగుపరిచిన సాంబ మసూరి 2008లో విడుదలైంది. ఆ ఏళ్ళలో ఒక్క తరం గింజలు కలగాపులగమైనా, ఒక్క పేజీ రాయకపోయినా, అంతకుముందు పడ్డ కష్టం ఎంతో వృథా అయ్యేది.

ఇప్పుడు నా మనవి. స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కడదామని కొందరు, కళావేదిక కడదామని కొందరు అంటున్నారు. రెండూ మంచివే. శిలాఫలకం మీద మన పేర్లూ ఉంటాయి. కానీ నిన్న బడి సైన్సు గది చూశాను. మైక్రోస్కోపులు ఉన్నాయి, బీరువాలో ఉన్నాయి, బీరువాకు తాళం ఉంది. పగిలితే కొత్తది కొనే డబ్బు లేదు, కడిగి సర్దే మనిషి లేడు. ఇక ఉపాధ్యాయులు పిల్లల చేతికి ఎలా ఇస్తారు? వాళ్ళను తప్పు పట్టలేం.

కట్టడానికి దాతలు దొరుకుతారు, నడపడానికే దొరకరు. ఇది నా వృత్తి నేర్పిన మాట. నిధిని బ్యాంకులో వేసి, ఏటా వచ్చే వడ్డీతో ఒక ల్యాబ్ సహాయకుడికి జీతం, పగిలిన గాజు సామానుకు డబ్బు ఇద్దాం. దానికి ప్రారంభోత్సవం ఉండదు, రిబ్బను ఉండదు. ఆ ఖాళీ ఫ్రీజరు లాంటిదే అది కూడా. నా వంతు ఈ రోజే కోశాధికారి గారికి ఇస్తున్నాను.

తొమ్మిదో తరగతి పిల్ల ఉల్లిపొర కణాన్ని తన కళ్ళతో చూసి, "పుస్తకంలో బొమ్మలా లేదేంటి సార్?" అని అడగాలి. ఆ ప్రశ్నకు మనం ఏర్పాట్లు చేద్దాం. సెలవు.